ముంబై మాఫియా: అప్పు కుర్రాడిది, షూరిటీ ఇంటిది

"ఎన్ని చేసినా పేదవాళ్లకి సాయం చేసేవాడండీ!" ముంబై డాన్ల గురించి ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. దావూద్ ఎవరు, ఎక్కడున్నాడు అన్నది ఈరోజు వదిలేద్దాం. ఆ సాయం లెక్క చూద్దాం.

లాల్‌బాగ్, పరేల్, బైకుల్లా. ముంబైలో ఇదంతా ఒకప్పుడు బట్టల మిల్లుల ప్రాంతం. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు కూడా ఆ మిల్లుల్లో పనిచేశారు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. సుమారు 2.5 లక్షల మంది పని ఆపేశారు. ఆ సమ్మెను అధికారికంగా ఎవరూ విరమించనే లేదు. ఏళ్లు గడిచేకొద్దీ మిల్లులే మూతపడుతూ వచ్చాయి.

ఇంట్లో జీతం లేదు. ఎదిగిన కొడుకు వీధి చివర ఖాళీగా నిలబడ్డాడు. అక్కడికి వచ్చింది గ్యాంగ్. బైకుల్లాలోని దగ్డీ చాల్ (చాల్ అంటే ఇరుకు గదుల వరస ఇళ్లు) నుంచి గ్యాంగ్ నడిపిన అరుణ్ గావ్లీ కూడా మిల్లు కార్మికుడి కొడుకే.

దీన్ని అప్పులా చూడండి. డబ్బు తీసుకునేది కుర్రాడు. షూరిటీ సంతకం మాత్రం ఇంటిల్లిపాదిదీ, వాళ్లను అడక్కుండానే! కుర్రాడు జైలుకెళ్తే గ్యాంగే లాయర్‌ని పెడుతుంది, ఇంటి ఖర్చుకి కొంత పంపుతుంది. జనం సాయం అంటున్నది దీన్నే. అది సాయం కాదు, అప్పు పెరగడం. ఆ డబ్బుతో పొయ్యి వెలిగిన ఇంట్లో రేపు ఎవరు నోరు విప్పుతారు?

డాన్ల ఇళ్లు కూడా షూరిటీలే. 1981లో దావూద్ అన్న షబీర్‌ని చంపారు. 1990లో గావ్లీ అన్న పాపా గావ్లీ. ఆ తర్వాత దావూద్ చెల్లెలు హసీనా భర్త. ఆ బావ హత్యకు ప్రతీకారంగానే 1992లో జేజే ఆసుపత్రిలో కాల్పులు జరిగాయి. అక్కడ కాపలా ఉన్న పోలీసులూ చనిపోయారు. వాళ్లు ఎవరి అప్పుకి షూరిటీ ఉన్నారని? పేర్లున్నవాళ్ల చావులే మనకు కథలయ్యాయి. తుపాకీ పట్టిన చాల్ కుర్రాడి తల్లిని ఎవరు గుర్తుపెట్టుకున్నారు?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. 1994లో మిల్లు యజమాని సునీత్ ఖటావ్‌ని కాల్చి చంపారు. అంటే గ్యాంగులు మిల్లు భూముల గొడవల్లోకీ దిగాయి. కార్మికుల కొడుకులే ఆ భూముల కోసం తుపాకులు పట్టడం కన్నా దారుణం ఏముంటుంది? 1999లో గ్యాంగుల నేరాలను అణచడానికి మహారాష్ట్రలో మోకా చట్టం వచ్చింది. ఛార్జిషీటుకి 180 రోజుల వరకు గడువు, బెయిల్ చాలా కష్టం. ఇంకోటి, గ్యాంగ్ సభ్యుడి తరఫున లెక్క చెప్పలేని ఆస్తి ఎవరి దగ్గరున్నా కనీసం 3 ఏళ్ల జైలు. భార్య పేరు మీద ఇల్లు కొని పెట్టినవాళ్లు ఇది చదువుకోవాల్సింది. ఎన్‌కౌంటర్ల సంగతి మొదలుపెడితే ఇంకో అరగంట పడుతుంది, అది వచ్చే వీడియోలో.