జిల్లాలో రేడియాలజిస్టు
(నల్లగొండలో రేడియాలజీ దినోత్సవం నాడు వైద్య విద్యార్థులతో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు నవంబర్ 8. 1895లో ఇదే తారీఖున రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనిపెట్టారు. ఆ కథ మీకు తెలిసిందే, దాని జోలికి పోను. ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి జబ్బు చెప్పే ఈ రేడియాలజీ తీసుకుంటే ఎట్లుంటుందని మీలో కొందరు అడిగారు, అది చెప్తాను.

ఎంబీబీఎస్, నీట్ పీజీ, ఆ తర్వాత మూడేళ్ల ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ. దారి ఇంతే. మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ఇప్పుడు ముందు ఈ సీటే చూస్తున్నారు. రాత్రి డ్యూటీల టెన్షన్ ఉండదని కొందరి లెక్క. మనది విజయవాడ హైవే పోయే జిల్లా. అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు సీటీ స్కాన్‌కు వచ్చిననాడు ఆ లెక్క తప్పుతుంది.

ఇక్కడ పనిచేసేవాళ్లకు ముందు తెలియాల్సింది ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు వచ్చే జబ్బు. మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన నడుం నొప్పని వస్తాడు. ఫిల్ములో వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా ఉంటాయి. అలవాటు లేని కన్నయితే ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని రాసేస్తుంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఒక్క ముంజేయి ఎక్స్‌రే తీయించండి. రెండెముకల మధ్య పొరలో కాల్షియం పేరుకుని ఉంటే అనుమానం ఫ్లోరోసిస్ వైపు మళ్లుతుంది. వెన్ను లిగమెంట్లు కూడా గట్టిపడి వెన్నుపామును నొక్కుతుంటే కాళ్లు పట్టు తప్పుతాయి, అది రిపోర్టులో స్పష్టంగా రాయాలి. 1955లోనే సిద్దిఖీ గారు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మన జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. మనకు మెడికల్ కాలేజీ వచ్చింది 2019లో! ఇప్పుడు నల్లాలకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ పాత నీళ్లు తాగిన ఎముకల్లో చేరింది తొందరగా పోదు. ఆ ఫిల్ములు మీ టేబుల్ మీదికి ఇంకా వస్తాయి.

హైదరాబాద్‌లో అనుమానం వస్తే పక్క గదిలో సీనియర్ ఉంటారు. జిల్లాలో చాలాసార్లు మీరొక్కరే. రేడియాలజిస్టుల సంఘం అవసరం అక్కడ తెలుస్తుంది. ఇండియన్ రేడియలాజికల్ అండ్ ఇమేజింగ్ అసోసియేషన్ 1931 నుంచి ఉంది. దాని మీటింగుల్లో శాలువాలు, ఫొటోలు ఎక్కువేనని నేనూ అంటాను. ఎన్నికలొస్తే వాట్సాప్‌లో రచ్చ సరేసరి. కానీ పేషెంటు పేరు తీసేసి ఫిల్ము తెర మీద పెట్టి, ముందు జూనియర్లతో చెప్పించే గంట ఉంటుంది చూడండి, దానికోసమే నేను పోతాను. కడుపులో బిడ్డ ఎదుగుదల ఆగిపోతోందా అని, రక్తప్రసరణ చూపే డాప్లర్ స్కాన్‌తో ముందే పట్టుకోవడం నేర్పే ‘సంరక్షణ్’ కార్యక్రమం కూడా ఈ సంఘానిదే.

ఒక మాట కొందరికి నచ్చదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద గర్భిణి స్కాన్‌కు నింపాల్సిన ఫారం ఎఫ్‌లో ఒక గడి ఖాళీగా ఉందని కేసు పెడితే సంఘం కొట్లాడాలి, న్యాయమే. డబ్బు తీసుకుని ఆడపిల్లని చెప్పినవాడిని మాత్రం మనవాడని వెనకేసుకు రాకూడదు. రెండింటినీ కలిపి మాట్లాడే నాయకుడికి ఓటెయ్యకండి.

పీజీ ఎక్కడ చేసినా సరే, సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడి ఫ్లోరోసిస్ ఫిల్ములు చూడండి. అనుమతి తీసుకుని వయసు, తాగిన నీళ్ల వివరం రాసుకోండి. సంఘం రాష్ట్ర శాఖ సదస్సులో పోస్టర్‌గా పెట్టండి. ముసాయిదా నాకు పంపితే దిద్దిస్తాను.

ఇక ప్రశ్నలు అడగండి. జీతం ఎంతని అడిగినా చెప్తాను.