ఖాళీ డబ్బా మాట

ఆశా అక్కలకూ ఏఎన్ఎమ్ చెల్లెళ్లకూ నమస్కారం.

కోనసీమలో నిలబడి మీకు కాలవల గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకలేదు. ధవళేశ్వరంలో ఎంత నీరు వదిలారో రిజిస్టరులో ఉంటుంది. శివారు రైతునడిగితే చేను నెర్రెలిచ్చిందంటాడు. ఇద్దరి మాటా నిజమే. మనం పంచే మాత్రలూ అంతే: ఇచ్చిన లెక్క వేరు, ఒంట్లోకి చేరింది వేరు.

హెచ్ఐవీ లేనివాళ్లు అది సోకకుండా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే మాత్రను ప్రెప్ అంటారు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అని రెండు మందులుంటాయి. వాయిస్ అనే అధ్యయనంలో దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల నుంచి 5,029 మంది ఆడవాళ్లు చేరారు. అడిగితే 90 శాతం దాకా వాడినట్టు చెప్పారు. మిగిలిన మాత్రలు లెక్కపెడితే 86 శాతం వచ్చింది. రక్తం చూస్తే, ఈ జంట మాత్ర ఇచ్చినవాళ్ల నమూనాల్లో 29 శాతంలోనే మందు కనిపించింది. వేసుకోని మాత్ర ఎవరిని కాపాడుతుంది?

ఎక్కడో దేశాల సంగతి అనుకోకండి. నేను లంక ఊళ్లలో గర్భిణులకు ఐరన్ మాత్రలు పంచే రోజుల్లో ఒకావిడ ప్రతి నెలా ఖాళీ స్ట్రిప్పు తెచ్చి చూపించేది. రక్తం మాత్రం ఎనిమిది గ్రాములు దాటేది కాదు. చివరికి వాళ్ల అత్తగారే బయటపెట్టింది: "కొబ్బరిచెట్టు మొదట్లో వేస్తోందమ్మా, చెట్టుకైనా బలం అని." మాత్ర పడక వాంతులవుతున్నాయట. చెబితే నేను తిడతానని భయం. నిజానికి తిట్టేదాన్నే.

ప్రెప్ మందు ఒంట్లో ఉందో లేదో చూసే పరీక్షల సంగతికొస్తే, ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, గత కొద్ది రోజుల సంగతే చెబుతుంది. ఆస్పత్రికి వచ్చే ముందు ఒక మాత్ర మింగినా మందు కనిపిస్తుంది. కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్క అలా మోసపోదు. ఎర్రకణాల్లో ఆ మందు సగానికి తగ్గడానికి సుమారు 17 రోజులు పడుతుంది కాబట్టి కొన్ని వారాల అలవాటు తెలిసిపోతుంది. వెంట్రుకైతే నెలల చరిత్రే చెబుతుంది. కానీ తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చినావిడ దగ్గర ఏం తీస్తాం? మూత్రంతో చేసే స్ట్రిప్ పరీక్ష కూడా ఉంది. గర్భం పరీక్షలాగే నిమిషాల్లో తేలుతుంది, కాకపోతే దానికీ ఈమధ్య రోజులే తెలుస్తాయి.

పరీక్ష కన్నా ముందు మనం అడిగే తీరు మారాలి. "రోజూ వేసుకుంటున్నావా?" అంటే "ఆఁ అండీ" అనే వస్తుంది. "ఈ వారం ఎన్ని తప్పాయమ్మా? నాకూ బీపీ మాత్ర తప్పుతుంది" అని అడిగి చూడండి. అప్పుడు అసలు సంగతులు వస్తాయి. డబ్బా గలగలమంటే ఆయన వింటాడని ఒకామెకు భయం. టెనోఫోవిర్ హెచ్ఐవీ ఉన్నవాళ్లకూ ఇస్తారు కాబట్టి, పక్కింటావిడ చూస్తే జబ్బు అంటగడుతుందని ఇంకొకామెకు టెన్షన్. గల్ఫ్ నుంచి వచ్చిన మొగుడికి "నన్ను అనుమానిస్తున్నావా?" అనే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మాత్రలు మరో డబ్బాలోకి మార్చడం, వేళ మార్చడం లాంటి చిన్న పనులు అక్కడ పనికొస్తాయి.

మాత్రకు బదులు లెనకపవిర్ అనే ప్రెప్ సూదిమందైతే ఆరునెలలకోసారి చాలు. 2024లో వెల్లడైన అధ్యయనంలో అది తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. అప్పుడు లెక్క మాత్రలది కాదు, తేదీకి వచ్చిందా లేదా అన్నదే.

ఈలోగా ఒక్కటి. మూత్రం స్ట్రిప్ ఫలితం ఎవరికి చూపాలి అని ఇందాక ఒకరడిగారు. ఆమెకే. అత్తగారు పక్కనుంటే బ్యాగులోంచి బయటికే తీయకండి.