పువ్వు పైన, కాయ కింద

శ్రోతలకు నమస్కారం.

మా పాపకు ఏడేళ్లు. అనంతపురం టౌన్లో పెరిగిన పిల్ల కాబట్టి శనక్కాయలంటే దానికి తోపుడు బండి మీద ఉడకబెట్టి అమ్మేవే. పోయిన ఆగస్టులో కళ్యాణదుర్గం దగ్గర మా ఊరికి పోయినప్పుడు, చేను గట్టున కూర్చుని పసుప్పచ్చ పూలు చూసి అడిగింది: "నాయనా, పువ్వు ఈడుంది. కాయ యాడ?"

"వేరుకు కాస్తుంది. అందుకే వేరుశనగ అన్నారు" అని చెప్పేశాను. చిన్నప్పటినుంచి తింటున్నా కదా, ఆ ధైర్యం!

ఆ పిల్ల ఊరుకుంటేనా! ఒక చెట్టు పెరికేసింది. మట్టి దులిపి, వేర్లను ఒక పక్కకు తోసి, కొసన చిన్న బొడిపెలున్న కాడలు పట్టుకుని, "ఇవి వేర్లు కాదు, పైనుంచి కిందికొచ్చినాయి" అంది. నిజమే. పేరూ తప్పు, నేనూ తప్పు.

"ఊడలు దిగినాయిలే" అంది మా అమ్మ, పెరికిన చెట్టు వైపు కోపంగా చూస్తూ.

ఊడ అనగానే పాపకు కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను గుర్తొచ్చింది. అట్లాంటిదేనా అని అడిగింది. కాదు. మర్రి ఊడ అంటే కొమ్మ నుంచి దిగే అచ్చమైన వేరు. శనక్కాయ ఊడ మాత్రం పువ్వులోంచి పుట్టింది. పొద్దున విచ్చిన పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణం చెంది, ఆ రోజుకే వాడిపోతుంది. కొన్నాళ్లకు అండాశయం అడుగున కాడ సాగుతుంది. రేపటి గింజను కొసన మోసుకుంటూ నేలకేసి దిగుతుంది. మట్టిలోకి పోయాక అడ్డం తిరిగి, అప్పుడు కాయ ఊరుతుంది. చీకటి లేకపోతే ఊరదు.

ఊడలు దిగే వేళ కాల్షియం ఉండే జిప్సం ఎకరాకు 200 కిలోలు వేయమనేది కూడా ఇందుకే. కాయకు కావాల్సిన కాల్షియం వేర్ల నుంచి సరిగా అందదు. మట్టిలో ఉన్న కాయే దాన్ని నేరుగా పీల్చుకోవాలి. చాలకపోతే లొట్టకాయలే. ఆ మూటలు నేనూ మోసినోణ్ణే. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

సరే, పరీక్ష పెట్టాం. రెండు ఊడలకు ఎర్రదారం కట్టి, వాటి కింద డబ్బా మూతలు పెట్టాం, మట్టి తగలకుండా. దసరా సెలవులకు పోయి చూస్తే ఆ రెండూ పుల్లల్లా ఎండిపోయాయి. పక్కన ఊడలకు కాయలు.

"చీకటని దానికెట్ల తెలుస్తాది? కండ్లు లేవు కదా?"

వెలుతురును పసిగట్టే పదార్థం మొక్కల్లో ఉంటుందని చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"మరి రాత్రిపూట చీకటే కదా నాయనా, పొరబడి పైనే కాయ కాసేయదా?"

వచ్చే ఏరువాకకు మా అమ్మ నల్ల గొడుగు గుడ్డ ఒకటి దాచిపెడుతోంది, ఊడలకు కట్టి చూడ్డానికి.