కౌజు పిల్లల కాళ్లు వంకర పోతున్నాయా? బ్రూడర్‌లో పరిచే నాలుగింటి రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ బ్రూడర్‌లో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో, వాటి కింద పరిచే వాటి మీద. న్యూస్‌పేపర్, గోనెపట్టా, వరి ఊక, వంటింటి అరల్లో పరిచే జారని రబ్బరు మ్యాట్. ఇక్కడ విశాఖలో, పెందుర్తి, ఆనందపురం వైపు ఇళ్లలో కౌజు పిట్టలు, గిన్నీ కోళ్లు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "రెండో రోజుకే కాళ్లు పక్కలకు పోతున్నాయండీ, ఏ మందు వెయ్యాలి?" మందు సంగతి తర్వాత. పిల్ల దేని మీద నిలబడుతోందో ముందు చూడండి.

17, 18 రోజులకు గుడ్డులోంచి వచ్చే కౌజు పిల్ల ఎనిమిది గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఎముక ఇంకా మెత్తన. న్యూస్‌పేపర్ మీద లేవబోతే కాలు జారుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ జారుతుంది. అలా ఒకటి రెండు రోజులు గడిస్తే కాళ్లు పక్కలకే అలవాటు పడిపోతాయి. పేపర్ వద్దే వద్దు. చవగ్గా దొరుకుతుందని ఇంకా చాలామంది అదే పరుస్తున్నారు, చూస్తే బాధేస్తుంది.

గోనెపట్టాకు పట్టు బాగుంది కానీ పీచు ఊడి వేళ్లకు చుట్టుకుంటుంది. ఊక కాస్త ఎదిగిన పిల్లలకు మంచిదే. మొదటి రెండు మూడు రోజులు మాత్రం దాణా అనుకుని పొడుచుకు తింటాయి. పైగా మన వైజాగ్ తేమకు వానాకాలంలో ఊక గడ్డకట్టి ఘాటు వాసన కొడుతుంది.

ఇదిగో రబ్బరు మ్యాట్. కెమెరా దగ్గరకు తెస్తున్నాను, ఈ పిల్ల పాదం చూడండి. ముందు వేళ్లు మూడూ విప్పుకుని, గోళ్లు గరుకులో ఆనించి నిలబడింది. కాళ్లు సరిగ్గా పొట్ట కిందే ఉన్నాయి. రెట్ట పడితే కడిగి ఆరబెట్టుకోవచ్చు. కన్నాలు పెద్దవి ఉన్న మ్యాట్ మాత్రం కొనకండి, వేళ్లు ఇరుక్కుంటాయి. నా ఓటు దీనికే.

ఇప్పటికే కాళ్లు చాపేసిన పిల్లకు బ్యాండ్ ఎయిడ్ సన్నగా నిలువునా కత్తిరించండి. దూది ఉన్న భాగం రెండు కాళ్ల మధ్యకు రావాలి, అంటుకునే కొసలు పాదానికి కాస్త పైన, కాలి చుట్టూ చుట్టాలి. మామూలుగా నిలబడితే కాళ్ల మధ్య ఎంత ఎడం ఉంటుందో అంతే ఉంచండి. బిగించొద్దు. వేళ్లు వాచినా, రంగు మారినా వెంటనే విప్పేయండి. కాలు రోజురోజుకీ లావెక్కుతుంది కాబట్టి రోజూ మార్చి కట్టాలి. మొదటి రెండు మూడు రోజుల్లో కడితే చాలా పిల్లలు కోలుకుంటాయి, వారం దాటాక కష్టం.

మ్యాట్‌తో పోని కాళ్ల జబ్బులు కూడా ఉన్నాయి. వేళ్లు లోపలికి ముడుచుకుని, కాలిలో వెనక్కి వంగే కీలు మీద పిల్ల కూర్చుని నడుస్తుంటే విటమిన్ బి2 లోపాన్ని అనుమానించాలి. మొదట్లోనే పట్టుకుంటే విటమిన్‌తో తేరుకుంటుంది. అదే కీలు వాచి, వెనక ఉన్న నరం లాంటి తాడు పక్కకు జారితే మాంగనీస్, కోలిన్ వంటివి చాలలేదేమో చూడాలి. ఒకసారి జారాక దాణా మార్చినంత మాత్రాన అది వెనక్కి రాదు. ముక్కు రబ్బరులా వంగుతుంటే విటమిన్ డి3, కాల్షియం, ఫాస్ఫరస్‌ల తేడా.

అందుకే దాణా సంచి మీది లేబుల్ చదవండి. ఈ పిల్లలకు ప్రోటీన్ 24 శాతానికి తగ్గకూడదు. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణా అస్సలు వద్దు. అందులో కాల్షియం సుమారు మూడున్నర శాతం ఉంటుంది, పిల్లల కిడ్నీలు తట్టుకోలేవు. వేడికి, తేమకు విటమిన్లు నీరసిస్తాయి కాబట్టి పెద్ద బస్తా కొని నెలల తరబడి దాచకుండా కొంచెం కొంచెంగా తెచ్చుకోండి.

పొలాల్లోంచి కముజు అనే అడవి పిట్ట గుడ్లు తెచ్చి పొదిగిస్తామనేవాళ్లకు ఒక మాట: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఫారంలో పుట్టిన కౌజు పిట్టలనే పెంచండి.

కాస్త ఎదిగిన పిట్ట ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాపి పడిపోతే వైరస్ వల్ల వచ్చే మారెక్స్ జబ్బు కావచ్చు. దాన్ని వెంటనే విడిగా ఉంచి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. దాణా సంచి లేబుల్‌ను, తయారీ తేదీ కనపడేలా, ఫోటో తీసి డాక్టర్‌గారికి చూపించండి.