పూనకం దిగిన తర్వాత

(నల్లగొండలో ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ‘మత్తు పదార్థాల దుష్ఫలితాలు’. ఆ ప్రసంగం మీరు బడిలో చదివే రోజుల నుంచీ వింటూనే ఉన్నారు, చివర్లో ఏమంటారో కూడా మీకు తెలుసు. అందుకని నిర్వాహకుల అనుమతి తీసుకొని కొంచెం పక్కకు జరుగుతున్నాను: భ్రమలు కలిగించే మత్తు తిన్నవాడిని అప్పుడూ, అది దిగిన తర్వాతా ఎలా చూసుకోవాలో చెబుతాను.

నేను మానసిక వైద్యుడిని. మొన్న వేసవిలో మిర్యాలగూడ వైపు నుంచి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను, చెప్పడానికి అతడు ఒప్పుకున్నాడు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. తండ్రి పోయిన దగ్గర నుంచి, అంటే రెండేళ్లుగా, మనసు మనసులో లేదు. భ్రమలు కలిగించే ఒక రకం పుట్టగొడుగులతో దిగులు నయమవుతుందని ఎక్కడో చదివాడు. స్నేహితులతో కొండ ప్రాంతానికి వెళ్లినప్పుడు, అవి కలిపామని ఎవరో చెప్పిన చాక్లెట్ తిన్నాడు. తండ్రి కనిపించాడట, మాట్లాడాడట. కడుపారా ఏడ్చాడు. ఆ వెనుకే భయం పట్టుకుంది. చీకట్లోకి పరుగెత్తాడు. స్నేహితులు నవ్వుతూ ఫోనులో వీడియో తీశారు. మర్నాడు రాత్రి బస్సెక్కి, సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చున్నాడు. నా దగ్గరకు వచ్చేనాటికి రాత్రికి రెండు గంటల నిద్ర కూడా లేదు. గాలి సోకిందని తల్లి అంటోంది.

నిజం చెప్పాలంటే నాకు చాక్లెట్ మీద కన్నా ఆ వీడియో మీద, ఆ సోమవారం మీద ఎక్కువ కోపం వచ్చింది.

ఎందుకో చెబుతాను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు 2006లో సైలోసైబిన్ మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఈ పుట్టగొడుగుల్లో పనిచేసే పదార్థం అదే. మందు ఇచ్చేది ఒక్క రోజు. ఆ రోజుకు ముందు, పక్కన కూర్చోబోయే మనిషితో నాలుగు విడతలుగా 8 గంటలు మాట్లాడించారు. తర్వాత మళ్లీ నాలుగు విడతలుగా 4 గంటలు. మందు పనిచేసినంతసేపూ ఇద్దరు పక్కనే ఉన్నారు. గది ఆసుపత్రి గదిలా కాకుండా ఇంటి ముందు గదిలా అమర్చారు. కళ్లకు గంతలు, చెవిలో సంగీతం. ఇంత ఏర్పాటు ఉన్నా కొందరికి గట్టి భయం వేసింది. మరి ఏ ఏర్పాటూ లేకుండా కొండ మీద తిన్నవాడి గతి ఏమిటి?

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం సైలోసైబిన్, అలాగే భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ, డీఎంటీ మన దేశంలో నిషిద్ధం. ‘చికిత్సా శిబిరం’ అని బోర్డు కట్టినంత మాత్రాన అది మారదు. ఆస్ట్రేలియాలో 2023 జూలై 1 నుంచి, అనుమతి పొందిన మానసిక వైద్యులు మాత్రమే, మందులకు లొంగని కుంగుబాటుకు సైలోసైబిన్ రాయవచ్చు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉన్న కేంద్రాల్లో ఇస్తారు. మన పిల్లలు ఆ దేశాల్లో ఉన్నారు, అక్కడి కబుర్లు రాత్రికి రాత్రే ఇక్కడికి చేరుతున్నాయి. కాబట్టి తినమని చెప్పడానికి నేను రాలేదు గానీ, తిన్నవాడు మీ ఇంట్లో ఉంటే ఏం చేయాలో చెప్పకుండా వెళ్లలేను.

ఆరెగాన్ కేంద్రాల్లో తలుపు దగ్గరే కొందరిని వెనక్కి పంపుతారు. గడిచిన 30 రోజుల్లో లిథియం అనే మానసిక జబ్బు మందు వాడినవారిని రానివ్వరు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది గనుక. తనకో ఇతరులకో హాని చేయాలన్న ఆలోచన ఉన్నవారిని కూడా రానివ్వరు. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బులు రక్తసంబంధీకుల్లో ఉన్నా పరిశోధకులు వద్దంటారు. మన ఇళ్లలో ఈ ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. ‘మా చిన్నాన్న కొంచెం తేడాగా ఉండేవాడు’ అనడంతో ఆగిపోతాం, సంబంధాలు చెడిపోతాయని.

ఇక్కడ మన జిల్లాలకే సొంతమైన చిక్కు మరొకటి ఉంది. వచ్చినవాణ్ణి మాత్రలేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదంటాడు. సాయంత్రం కల్లు దుకాణానికి మాత్రం వెళతాడు. గీత కార్మికుడు చెట్టు నుంచి దించిన కల్లును నేనేమీ అనడం లేదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లను కల్లు పేరుతో అమ్ముతున్నారే, దాని మాట. ఏళ్ల తరబడి అది తాగినవాడు తనకు తెలియకుండానే మత్తుమాత్రలకు అలవాటు పడి ఉంటాడు. ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేని మనుషులు కనిపిస్తారు. ‘ఒళ్లు శుద్ధి చేసుకోవాలి’ అని ఏ శిబిరం వాడో చెబితే కల్లు మానేసి వెళ్లినవాడికి అక్కడ కనిపించేది ఏ దర్శనమో, ఏ జబ్బో ఎవరు తేల్చాలి? ఏం తాగుతున్నామో తెలియకుండా తాగితే ఏమవుతుందో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలు చూస్తూ పెరిగాం.

ఉమ్మెత్తను కూడా ఈ పుట్టగొడుగులతో కలిపి మాట్లాడేవారున్నారు. అది వేరే విషం, ప్రాణాలు తీస్తుంది. అంతకుమించి దాని గురించి చెప్పను.

ఇప్పుడు మా పెద్దమ్మ గురించి.

సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ఆమెకు పూనకం వచ్చేది. చిన్నప్పుడు నాకు ఆమె కన్నా ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లు బాగా గుర్తు. మా అమ్మ వెనుక నుంచి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకునేది. ఇంకొకామె కొంగు బిగించేది. ఒక ముసలామె ఏ పనీ చేయకుండా, కాళ్ల దగ్గర రాళ్లు ఏరి పక్కన పారేసేది. ఎవరూ నవ్వేవారు కాదు, వాదించేవారు కాదు. డప్పు నెమ్మదించేది. దిగిన తర్వాత చెట్టు నీడన, మా అమ్మ ఒడిలో తల పెట్టుకొని పడుకునేది. గుక్క గుక్కగా మజ్జిగ. రాత్రి పల్లికాయ ఒలుస్తూ ఆమే అడిగేది: “నేనేమన్నాను?” వాళ్లు చెప్పేవారు. అన్నీ చెప్పేవారు కాదు. ఏది ఆ రోజు చెప్పాలో, ఏది పది రోజులు ఆగాలో వాళ్లకు తెలుసు.

పూనకమూ పుట్టగొడుగూ మెదడులో ఒకటేనని నేను అనడం లేదు. ఆ చేతుల గురించి చెబుతున్నాను. మెక్సికోలో వాట్లా అనే కొండ ఊళ్లో మరియా సబీనా అనే మసటెక్ తెగ వైద్యురాలు ఉండేది. రోగి ఉన్న ఇంట్లో, రాత్రిపూట, పాడుతూ ఈ పుట్టగొడుగులతో వైద్యం చేసేది. 1957లో ఒక అమెరికా పత్రిక ఆ సంగతి రాసిన తర్వాత బయటి జనం ఆ ఊరి మీద విరుచుకుపడ్డారు. రోగీ లేడు, రాత్రీ లేదు, పాటా లేదు, పుట్టగొడుగు మాత్రం కావాలి. ఊరివాళ్లు ఆమెనే తప్పుపట్టారు, ఆమె ఇల్లు తగలబడింది.

ఇంట్లో ఎవరైనా ఆ స్థితిలో దొరికితే మా అమ్మ చేసిందే చేయండి. దీపం తగ్గించండి. ‘మందు పని ఇది, తగ్గిపోతుంది, నేనిక్కడే ఉన్నాను’ అని చెప్పండి. సైలోసైబిన్ అయితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు. ఎల్‌ఎస్‌డీ అయితే దాదాపు రెట్టింపు. మిద్దె, బావి, బండి తాళం దూరంగా ఉంచండి. ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా, గుండెలో నొప్పి అన్నా 108కి ఫోన్ చేసి, తిన్నది తిన్నట్టు వైద్యుడికి చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి గోప్యతను హక్కుగా ఇచ్చింది. తాకాలంటే కూడా ముందే అడగాలి. ఆరెగాన్‌లో చేయి పట్టుకోవడానికి సైతం ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుంటారు. ఆ స్థితిలో ఉన్నవారిని పక్కన కూర్చున్నవారే వాడుకున్న సంఘటనలు పరిశోధనల్లో కూడా జరిగాయి.

ఆ తర్వాతి రోజులు. అయ్యప్ప మాల వేసుకొని నలభై ఒక్క రోజులు నేల మీద పడుకున్నవాడు, మాల తీసిన సాయంత్రమే బారులో కనిపించడం మనకు కొత్త కాదు. మాల తీసినా చన్నీళ్ల స్నానం మానని వాడినీ చూశాం. ఇద్దరూ ఎక్కింది ఆ పద్దెనిమిది మెట్లే. అనుభవం ఒంటబట్టడం అంటే రెండోవాడి పని. కొన్ని వారాల పాటు ఉద్యోగం మానకండి, పొలం అమ్మకండి, పెళ్లి తెంచుకోకండి. కనిపించినదల్లా జరిగినది అనుకోకండి, ఆ సమయంలో మనసు దేన్నయినా నమ్ముతుంది. పదిమందికి చెప్పకుండా ఒక్కరికి చెప్పండి. వారం దాటినా నిద్ర రాకపోతే, గొంతులు వినిపిస్తే, అనుమానాలు పెరిగితే, చావు ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్, నంబర్ 14416. తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పలుకుతారు.

ఆ కుర్రవాడికి ముందు నిద్రకు మందు ఇచ్చాను. నిద్ర కుదిరిన తర్వాత, తండ్రి ఏమన్నాడో రాసుకు రమ్మన్నాను. మూడు వారాలు తేలేదు. నాలుగో వారం ఒక్క ముక్క రాసి తెచ్చాడు: ‘మడికి నీళ్లు కట్టావా?’ అంతే. దీవెనో, క్షమాపణో వస్తుందని ఎదురుచూసినవాడికి సిగ్గేసింది. చిన్నప్పుడు తండ్రి రోజూ అడిగే మాటే అది. కౌలుకిచ్చిన రెండెకరాలు ఈ ఏడు తల్లి వెనక్కి తీసుకుంది. ఇతడు శనివారాలు ఊరికి వెళుతున్నాడు.

పోయిన వారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి, నిద్ర ఎలా ఉందని అడిగాను. “పడుకోబోతున్నాను సార్, రేపు మాట్లాడతాను” అన్నాడు. “తెల్లవారుజామున కాలువ నీళ్లు మా వంతు.”