పిల్లల రెప్ప వాచిందా? లోపల కన్నెలా ఉందో చూడండి

(దృశ్యం: కోనసీమలో ఓ ఇంటి అరుగు. నాలుగేళ్ల పాప ఎడమ రెప్ప ఎర్రగా వాచి మూసుకుపోయింది.)

దోమ కుట్టిందంటోంది మామ్మ. నందివర్ధనం పూల రసం పిండమంటోంది పక్కింటావిడ. దయచేసి కంట్లో ఏమీ పొయ్యకండి, తల్లిపాలు కూడా వద్దు. చేతులు కడుక్కుని, రెప్పను మెల్లగా ఎత్తి లోపలి కన్ను చూడండి.

(బొమ్మ: పక్కనుంచి కన్ను. రెప్పలో పలుచని పొర.)

ఇన్ఫెక్షన్ ఈ పొరకు ముందే ఆగితే రెప్ప ఎంత వాచినా కనుగుడ్డు అన్ని వైపులా తిరుగుతుంది, చూపు బాగుంటుంది. దోమకాటు, గీరుకున్న గాయం, కంటికురుపు వల్ల ఎక్కువగా వచ్చేది ఇదే. డాక్టరు రాసే యాంటీబయాటిక్‌తో చాలావరకు తగ్గుతుంది. ఏడాదిలోపు బిడ్డయితే మాత్రం ఇంట్లో ఉంచకండి.

పొర దాటి కంటి గూట్లోకి, అంటే కనుగుడ్డు ఉండే ఎముకల గుంటలోకి దిగితే ప్రమాదం. గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, తిప్పితే నొప్పి, చూపు మసక, ఒకటి రెండుగా కనబడడం, జ్వరం. పిల్ల మత్తుగా పడుంటే, వాంతులవుతుంటే మెదడుకు పాకిందేమోనని అనుమానించాలి.

నాకు ఎక్కువ భయం వేసేది వారం పది రోజులుగా జలుబు, పచ్చ చీమిడి ఉన్న పిల్లలకు కన్ను వాచినప్పుడు. ముక్కు పక్క సైనస్‌కూ (ఎముకలోని గాలి గదికీ) కంటి గూటికీ మధ్య ఉన్నది కాగితమంత ఎముక. చీము అటునుంచే వస్తుంది.

(దృశ్యం: ఆసుపత్రి. టార్చితో కనుపాపను చూస్తున్న డాక్టరు.)

గూట్లోకి దిగిందన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. టెన్షన్ పడకండి, చీము ఎక్కడ నిలిచిందో తెలిసేది దానితోనే. సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ మందులు నరం ద్వారా ఎక్కిస్తారు, చూపు పదేపదే పరీక్షిస్తారు. చిన్నపిల్లల్లో చిన్న చీముగడ్డ మందులకే కరగొచ్చు. చూపు తగ్గుతున్నా, 24 నుంచి 48 గంటల్లో గుణం కనబడకపోయినా ఆపరేషన్ చేసి చీము తీస్తారు. చాలాసార్లు ముక్కులోంచే తీయగలరు. ఇంటికొచ్చాక వాపు పోయిందని మాత్రలు ఆపకండి.

మీరు వెళ్ళే ఆసుపత్రిలో పిల్లల డాక్టరు, కంటి డాక్టరు, ఈఎన్‌టీ డాక్టరు ముగ్గురూ ఒకేచోట ఉండాలి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి అలాంటిదే. గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఆగకముందే రేవు దాటండి, 108కి ముందే ఫోన్ చెయ్యండి. వేసిన మందుల చీటీ, టీకాల కార్డు వెంట పెట్టుకోండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో హిబ్ అనే క్రిమి నుంచి కాపాడే మందు కూడా ఉంది. ఒకప్పుడు ఈ జబ్బుకు ముఖ్యమైన కారణాల్లో ఆ క్రిమి ఒకటి, కాబట్టి ఆ డోసులు పడ్డాయో లేదో డాక్టరు తప్పక అడుగుతారు.