పెద్దాయన తర్వాత ట్రస్టు పరిస్థితి ఏంటి?

[తెర మీద: ట్రస్టు పేరున ఒక చెక్కు, సంతకం చోటు ఖాళీ]

ఒక ఊళ్లో కుటుంబ ట్రస్టు ఉందనుకుందాం. ఏటా జూన్‌లో ఇరవై మంది పిల్లలకు కాలేజీ ఫీజులు కడుతుంది. బ్యాంకులో ఉన్న ఒకే ఒక్క సంతకం మేనేజింగ్ ట్రస్టీ అయిన పెద్దాయనది. మే నెలలో ఆయన పోయారు. ఖాతాలో డబ్బుంది, తీసే దారి లేదు. ఆన్‌లైన్‌లో చూద్దామంటే ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్తుంది.

కొడుకు బ్యాంకుకెళ్లి "నామినీ నేనే కదండీ" అంటాడు. ట్రస్టు ఖాతాకు నామినీ ఉండరు, ఎందుకంటే ఆ డబ్బు నాన్నగారిది కాదు. బ్యాంకు అడిగేది మరణ ధ్రువీకరణ పత్రం, ట్రస్ట్ డీడ్ (ట్రస్టు నియమాలు రాసుకున్న పత్రం), ఇకపై ఎవరు సంతకం పెట్టాలో చెప్పే తీర్మానం. తీర్మానానికి కోరం కావాలి, అంటే సమావేశంలో కనీసం ఇంతమంది ట్రస్టీలు ఉండాలన్న లెక్క. పెద్దాయనతో కలిపి ఉన్నదే ఇద్దరు ట్రస్టీలు, డీడ్ ప్రకారం కోరం కూడా ఇద్దరే అయితే? మిగిలిన ఒక్కరూ ఏమీ చేయలేరు. ఫీజు గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

[తెర మీద: ముంబై, అక్టోబర్ 2024]

రతన్ టాటా 2024 అక్టోబర్ 9న కన్నుమూశారు. టాటా గ్రూపు మాతృ సంస్థ టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా ఉన్న టాటా ట్రస్టులకు ఆయనే ఛైర్మన్. తన వారసుడు ఫలానా అని ఆయన ముందే ప్రకటించలేదు. అయినా అక్టోబర్ 11న ట్రస్టీలు కూర్చుని, అప్పటికే తమలో ఒకరైన నోయెల్ టాటాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. రెండు రోజుల్లో పని అయిందంటే, కూర్చోవడానికి బోర్డు ఉంది, ఎన్నుకునే పద్ధతి ఉంది. మన ఊరి ట్రస్టుకు కావాల్సిందీ అదే.

[తెర మీద: ట్రస్ట్ డీడ్, "ట్రస్టీల ఖాళీలు" అన్న పేరా దగ్గరగా]

ఈ పేరా మీ డీడ్‌లో ఉందా? ట్రస్టీ చనిపోతే కొత్తవారిని ఎవరు, ఎంతమంది ఒప్పుకుంటే నియమించాలో ఇక్కడే ఉండాలి. "వీలునామాలో మా అబ్బాయి పేరు రాశాలెండి" అంటే సరిపోదు. ట్రస్టు ఆస్తి వీలునామాతో సంక్రమించదు. ట్రస్టీ పదవి కూడా, డీడ్ ఆ అధికారం ఇస్తే తప్ప, వీలునామాతో రాదు. ఈ పేరా లేకపోయినా, డీడ్‌లో సవరణకు వీలుంటే అనుబంధ డీడ్ రాయించండి. అదీ లేకపోతే పబ్లిక్ ట్రస్టులు సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకెక్కాల్సి రావచ్చు. పెద్దాయన ఉండగా ఒక మధ్యాహ్నంలో తేలే విషయాన్ని అంతదాకా తెచ్చుకోవడం అన్యాయం.

బ్యాంకులో "ముగ్గురిలో ఎవరైనా ఇద్దరు" అని సంతకాలు మార్పించండి. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు ఇక్కడే ఉండాలి. పిల్లలందరూ డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటే చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు? ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో ఒక్కరి ఫోన్ నంబరే ఉంటే రెండో నంబరు కూడా ఇవ్వండి. విదేశీ విరాళాలు తీసుకునే ట్రస్టయితే ముఖ్య సభ్యుల మార్పును ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) పోర్టల్‌లోనూ తెలపాలి.

అసలు కష్టం మాట ఎత్తడంలోనే ఉంది. "మీ తర్వాత ఎవరు?" అనగానే తథాస్తు దేవతలుంటారు, అశుభం పలక్కు అంటారు. అందుకే ఆ మాట పెద్దాయనే ఎత్తితే మంచిది. అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ 2024 నవంబర్‌లో రాసిన లేఖలో, వీలునామా మీద సంతకం చేసేముందు ఎదిగిన పిల్లలతో దాన్ని చదివించమని తల్లిదండ్రులకు చెప్పారు. డీడ్‌కూ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. ఇంకో మాట, ఈ ఏడాది ఫీజులకు పిల్లల ఎంపిక తర్వాతి తరానికే అప్పగించండి. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కాదనాలో, ఆ కాదనడం ఎలాగో పెద్దాయన పక్కనుండగానే నేర్చుకుంటారు.

ఇవేవీ చేయకముందే పెద్దాయన పోయి ఉంటే, ముందు డీడ్ తీసి కోరం చూడండి. కోరం ఉంటే సమావేశం పెట్టి, కొత్త ట్రస్టీ నియామకం, బ్యాంకు సంతకాలు, పోర్టల్ మార్పులకు విడివిడిగా తీర్మానాలు చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. ఆ కాపీలతో బ్యాంకుకు వెళ్లండి. కాలేజీకి కూడా ఒక ఉత్తరం పంపండి, ఫీజు ఆలస్యమవుతుందని, పిల్లల్ని తరగతులకు రానివ్వమని.